స్కాన్ తీస్తే బైపోలార్ ఉందో లేదో తేలిపోతుందా? – తమ్ముడి గురించి అడిగినవాళ్ళకి

మీరు ఒకే పోస్టులో నాలుగైదు ప్రశ్నలు కలిపేశారు కాబట్టి ముందు నాకర్థమైంది చెప్తా. మీ తమ్ముడికి 26 ఏళ్ళు, కొన్నాళ్ళు డిప్రెషన్ అని మందులు వాడారు, తర్వాత ఒక్కసారిగా మేనియా (అంటే ఉత్సాహం హద్దు దాటిపోయే స్థితి) వచ్చింది, అప్పుడు బైపోలార్ వన్ (మూడ్ రెండు కొసలకీ ఊగే బైపోలార్ జబ్బులో పూర్తి మేనియా వచ్చే రకం) అని చెప్పి లిథియం అనే మూడ్ మందు మొదలుపెట్టారు. ఇంట్లో పెద్దవాళ్ళేమో గంటసేపు మాట్లాడి జబ్బు పేరు ఎలా చెప్పేస్తారు, స్కాన్‌లో చూపిస్తే నమ్ముతాం అంటున్నారు. ఈలోపు తీసిన ఎమ్మారైలో ఏవో చిన్న తెల్ల మచ్చలున్నాయని రాశారు, ఎక్కడో రంగుల బ్రెయిన్ స్కాన్‌తో బైపోలార్ కనిపెట్టేస్తామని యాడ్ చూశారు, ఈ జబ్బుకి మెదడు కుంచించుకుపోతుందని ఇంకెక్కడో చదివారు, పైగా ఒక రీసెర్చ్ టీమ్ వాళ్ళు తమ్ముడిని స్టడీకి రమ్మంటున్నారు. అంతే కదా.

నేను డాక్టర్‌ని కాదు. మూడ్ డిజార్డర్స్ ఉన్నవాళ్ళ ఎమ్మారై డేటాని అనలైజ్ చేసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నా. మందుల డోసు గురించి నన్నడిగితే చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ ఈ స్కాన్ బొమ్మల్లోంచి ఏం లాగొచ్చు ఏం లాగకూడదు అనే విషయంలో మాత్రం కాస్త గట్టిగానే మాట్లాడతా.

సూటిగా మొదటి దానికి జవాబు: లేదండి. ఒక మనిషి మెదడు స్కాన్ చూసి ఇతనికి బైపోలార్ ఉంది అనో లేదు అనో చెప్పే పద్ధతి ఇవాళ ప్రపంచంలో ఎక్కడా లేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ళ నిపుణుల బృందం 2012లో ఇదే చెప్పింది, 2018లో మళ్ళీ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి చూసి కూడా ఏ ప్రధాన మానసిక జబ్బునైనా డయాగ్నోజ్ చేయడానికి సిఫార్సు చేయగల ఇమేజింగ్ బయోమార్కర్ (అంటే స్కాన్‌లో కొలిచి జబ్బుని పట్టగల గుర్తు) ఒక్కటీ లేదనే తేల్చింది. ఆ తర్వాత కూడా ఆ మాట మారేంత పెద్దది ఏమీ జరగలేదు.

ఇక్కడే చాలామంది ఆగిపోయి 'అంటే స్కాన్‌లో ఏమీ కనపడదు, అంటే మెదడులో ఏ తేడా లేదు, అంటే ఇదంతా మనసు బలహీనత' అని వెళ్ళిపోతారు. అది తప్పు. తేడాలు ఉన్నాయి, నిజంగానే ఉన్నాయి, వేలమంది మీద చూసి తేల్చారు. సమస్యేంటంటే అవి గుంపుకి గుంపుకి మధ్య ఉన్న తేడాలు, మీ తమ్ముడికి పక్కింటాయనకి మధ్య ఉన్నవి కావు.

ఎనిగ్మా అని ఒక అంతర్జాతీయ కూటమి ఉంది, వేర్వేరు దేశాల టీములు తమ దగ్గరున్న స్కాన్లని ఒకే పద్ధతిలో కొలిచి ఫలితాలు కలుపుతారు. వాళ్ళ బైపోలార్ గ్రూపు మొత్తం 6,503 మంది స్కాన్లు చూసింది, అందులో 2,447 మందికి బైపోలార్, మిగతా 4,056 మంది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు. మెదడు పైపొర ఉంటుంది కదా, కార్టెక్స్ అంటాం, దాని మందం బైపోలార్ ఉన్నవాళ్ళలో సగటున కొంచెం తక్కువగా ఉంది, ముఖ్యంగా ముందుభాగంలో, కణతల దగ్గర, నడినెత్తి వైపు. అంతకుముందు 2016లో అదే గ్రూపు 1,710 మంది పేషెంట్లని 2,594 మంది మామూలు వాళ్ళతో పోల్చితే లోపల ఉండే హిప్పోక్యాంపస్, థాలమస్ సైజు సగటున కొంచెం తక్కువ, ద్రవం ఉండే వెంట్రికల్స్ కొంచెం పెద్దవి అని వచ్చింది. 2019లో వైట్ మ్యాటర్ అంటే మెదడు భాగాలని కలిపే తీగల్లాంటి వాటి మీద మూడు వేల మందికి పైగా డేటాతో ఇంకో పేపర్, అందులో రెండు అర్ధభాగాలని కలిపే కార్పస్ కలోజమ్‌లోనూ, భావోద్వేగాల నెట్‌వర్క్‌కి సంబంధించిన సింగులమ్‌లోనూ తేడా బాగా కనిపించింది.

ఇప్పుడు 'కొంచెం' అన్నానే, ఆ కొంచెం ఎంత అన్నదే మొత్తం కథ. ఆ 6,503 మంది స్టడీలో అన్నిటికంటే పెద్ద తేడా ఎడమవైపు ముందుభాగంలో ఒక చిన్న ప్రాంతంలో వచ్చింది, దాని ఎఫెక్ట్ సైజు సుమారు 0.29. ఈ నంబర్ ఒక్కటే చెప్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు కాబట్టి విడమర్చి చెప్తా. రెండు గుంపుల గ్రాఫులు ఒకదాని మీద ఒకటి పెడితే దాదాపు 88 శాతం ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. ఇంకోలా చెప్పాలంటే బైపోలార్ ఉన్న ఒకరిని, లేని ఒకరిని గుడ్డిగా ఎంచుకుని ఆ ప్రాంతం కొలిచారనుకోండి, ఉన్న వ్యక్తికే పొర పల్చగా ఉండే అవకాశం నూటికి 58 సార్లు. బొమ్మా బొరుసూ వేస్తే 50 సార్లు, ఇక్కడ 58. అదీ అన్నిటికంటే పెద్ద తేడా ఉన్నచోట, మిగతా చోట్ల ఇంకా తక్కువ. మగవాళ్ళకి ఆడవాళ్ళకి ఎత్తులో ఉండే తేడా దీనికంటే ఎన్నో రెట్లు పెద్దది, అయినా ఒక మనిషి ఎత్తు 165 సెంటీమీటర్లు అని మాత్రమే చెప్పి మగా ఆడా అంటే మీరు గట్టిగా చెప్పలేరు కదా. అలాంటిది ఇంత చిన్న తేడాతో ఒక మనిషికి జబ్బు పేరు పెట్టడం కుదిరే పని కాదు.

సరే ఒక్క ప్రాంతం చాలకపోతే మెదడంతా కలిపి కంప్యూటర్‌కి ఇస్తే పట్టేస్తుందేమో అని మీకు అనిపించొచ్చు, మాకూ అనిపించింది. అదీ చేశారు. ఎనిగ్మా వాళ్ళే 13 చోట్ల నుంచి 3,020 మంది డేటా తీసుకుని, అందులో 853 మందికి బైపోలార్, మెషీన్ లెర్నింగ్ పెడితే సుమారు 65 శాతం కరెక్ట్‌గా చెప్పింది. అది అన్ని సెంటర్ల డేటా కలిపి ట్రైనింగ్ ఇచ్చినప్పుడు. ఒక సెంటర్‌ని పూర్తిగా పక్కన పెట్టి, దాన్ని ఎప్పుడూ చూడని మోడల్‌తో ఆ సెంటర్ వాళ్ళని చెప్పమంటే 59 శాతం దగ్గరికి పడిపోయింది. నిజజీవితంలో జరిగేది ఈ రెండోదే, ఎందుకంటే మీ తమ్ముడి స్కాన్ తీసే మెషీన్‌ని ఆ మోడల్ ఎప్పుడూ చూసి ఉండదు.

65 శాతం అంటే పర్లేదు కదా అనిపిస్తే ఒక చిన్న లెక్క వేయండి. 1,000 మంది మామూలు జనం, అందులో 20 మందికి బైపోలార్ ఉందనుకుందాం. ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ రెండు వైపులా 65 శాతం కరెక్ట్‌గా చెప్పే టెస్ట్ పెడితే ఆ 20 మందిలో 13 మంది దొరుకుతారు. కానీ జబ్బు లేని 980 మందిలో 343 మందికి కూడా ఉందని చెప్తుంది. అంటే మొత్తం 356 మందికి 'ఉంది' అని చెప్తే నిజంగా ఉన్నది 13 మందికి. ఇలాంటి టెస్ట్‌ని నమ్ముకుని ఎవరికైనా మందు మొదలుపెట్టినా, ఉన్న మందు ఆపినా ఘోరం.

ఇంకో విషయం మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ముఖ్యంగా చెప్పండి, నా దృష్టిలో మొత్తం చర్చలో బలమైన పాయింట్ ఇదే. ఈ స్టడీల్లో 'వీళ్ళు బైపోలార్ గుంపు, వీళ్ళు కాదు' అని ముందు ఎవరు విడదీశారు? సైకియాట్రిస్టులే, అదే మాటలతో, అదే ఇంటర్వ్యూతో, వారం రోజులు ఎలా ఉన్నాడు నిద్ర ఎన్ని గంటలు పోయాడు అని అడిగే విడదీశారు. కంప్యూటర్‌కి ఇచ్చిన ఆన్సర్ కీ అదే. కంప్యూటర్ గొప్పతనం కొలిచేది కూడా ఆ కీతో ఎంత కలిసింది అనే. అలాంటప్పుడు మాటలతో చెప్పినదాన్ని నమ్మం, స్కాన్ చెప్తే నమ్ముతాం అనడంలో లాజిక్ ఎక్కడుంది, స్కాన్ నేర్చుకున్నదే ఆ మాటల దగ్గర. ఏదో ఒకరోజు స్కాన్లు ఇంటర్వ్యూని దాటి వెళ్ళాలంటే వేరే ఆన్సర్ కీ కావాలి, ఉదాహరణకి ఈ మందుకి ఎవరు స్పందించారు, అయిదేళ్ళ తర్వాత ఎవరు ఎలా ఉన్నారు అనేవి. ఆ దిశలో పని నడుస్తోంది కానీ క్లినిక్ దాకా రాలేదు.

గంట మాట్లాడి ఎలా చెప్తారు అన్నదానికి కూడా: బైపోలార్ వన్ అనేది మాటలతో చేసే డయాగ్నసిస్‌లలో కాస్త గట్టి పునాది ఉన్నదే. మానసిక జబ్బుల డయాగ్నసిస్‌కి వాడే అమెరికన్ మాన్యువల్ డీఎస్ఎమ్-5 తయారుచేసేటప్పుడు ఒకే పేషెంట్‌ని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూసి ఒకే మాట చెప్తారా లేదా అని ఫీల్డ్ ట్రయల్స్ చేశారు. యాదృచ్ఛికంగా కలిసేది తీసేశాక మిగిలే ఏకీభావం బైపోలార్ వన్‌కి 0.56 వచ్చింది, మేజర్ డిప్రెషన్‌కి 0.28 మాత్రమే. పూర్తి ఏకీభావం అంటే 1. కాబట్టి బైపోలార్ వన్ గొప్ప స్కోరు అనను గానీ ఎవరికి తోచింది వాళ్ళు చెప్పే వ్యవహారమూ కాదు. ఎందుకంటే మేనియా అనేది కళ్ళముందు జరుగుతుంది, వారం పైగా నిద్ర అవసరమే లేనట్టు, మాట ఆగకుండా, పెద్ద పెద్ద ప్లాన్లు, డబ్బు నీళ్ళలా, ఇంట్లో వాళ్ళందరూ చూసి ఉంటారు. తమ్ముడు మేనియాలో ఉన్నప్పుడు మీరు చూసింది తారీకులతో సహా రాసి డాక్టర్‌కి ఇవ్వండి, ఏ స్కాన్ కంటే అదే ఎక్కువ పనికొస్తుంది. ముందు డిప్రెషన్ అన్నారు తర్వాత మార్చారు అని డాక్టర్ మీద అనుమానం కూడా వద్దు, చాలామందికి మొదట వచ్చేది డిప్రెషనే, మేనియా వచ్చేదాకా రెండిటికీ తేడా పట్టడం కష్టం. జబ్బు మొదలైన దగ్గర్నుంచి సరైన ట్రీట్‌మెంట్ దాకా సగటున ఆరేళ్ళు పడుతోందని స్టడీలన్నీ కలిపి లెక్కేసినవాళ్ళు తేల్చారు. ఈ ఆలస్యం తగ్గించడం కోసమే ఇమేజింగ్ మీద ఇంత ఆశ పెట్టుకున్నారు.

మరి ఎక్కడ చూసినా 'బైపోలార్ మెదడులో ఫలానా భాగం కనిపెట్టారు' అని వార్తలు ఎందుకొస్తాయి అంటే దానికి చరిత్ర ఉంది. 1997లో నేచర్ అనే సైన్స్ పత్రికలో ఒక పేపర్ వచ్చింది, వేన్ డ్రెవెట్స్ టీమ్ వాళ్ళది, కుటుంబాల్లో మూడ్ జబ్బులున్న పేషెంట్లలో కార్పస్ కలోజమ్ ముందు వంపు కింద ఉండే చిన్న ప్రాంతంలో గ్రే మ్యాటర్ (మెదడు కణాలు ఎక్కువగా ఉండే భాగం) బైపోలార్ వాళ్ళకి 39 శాతం తక్కువ అని. 39 శాతం! అందరం ఆ ప్రాంతం చుట్టూ తిరిగాం. ఆ ప్రాంతం ముఖ్యమైనదే, అందులో సందేహం లేదు, కానీ వేలమంది మీద చూసినప్పుడు బైపోలార్‌లో ఎక్కడా ఆ స్థాయి తేడా కనపడలేదు. ఎవరూ మోసం చేయలేదు, చిన్న గుంపులతో పనిచేస్తే ఇదే జరుగుతుంది, తేడా పెద్దగా వచ్చినవే పేపర్ అవుతాయి, రానివి సొరుగులో ఉండిపోతాయి. 2022లో నేచర్‌లోనే సుమారు 50,000 మంది స్కాన్లతో లెక్కేసి చూపించారు, మెదడు కొలతలకీ మనిషి ప్రవర్తనకీ మధ్య సంబంధాలు నమ్మకంగా పట్టాలంటే వేలమంది కావాలి, ఇరవై ముప్పై మందితో వచ్చినవి చాలావరకు మళ్ళీ చేస్తే రావు అని.

ఫంక్షనల్ ఎమ్మారై సంగతి ఇంకా సున్నితం. అది మెదడు కణాల పనిని నేరుగా చూడదు, ఏ భాగానికి రక్తంలో ఆక్సిజన్ ఎంత మారింది అనేది చూసి అక్కడ పని జరిగిందని ఊహిస్తుంది. ఆ ఎర్ర పసుపు మచ్చలు ఫొటోలు కావు, లెక్కల ఫలితానికి మనం వేసిన రంగులు. 2009లో ఒక టీమ్ చచ్చిన సాల్మన్ చేపని స్కానర్‌లో పెట్టి దానికి మనుషుల ఫొటోలు చూపించి, వేల చోట్ల ఒకేసారి టెస్ట్ చేస్తున్నప్పుడు చేయాల్సిన కరెక్షన్ చేయకుండా వదిలేస్తే చేప మెదడులో కూడా 'యాక్టివిటీ' వస్తుందని చూపించారు, దానికి 2012లో ఇగ్ నోబెల్ (నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే సరదా బహుమతి) ఇచ్చారు, మా ఫీల్డ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి ఇప్పటికీ మొదట చెప్పే కథ అదే. 2020లో ఇంకోటి, ఒకే డేటాని 70 టీములకి ఇచ్చి ఒకే ప్రశ్నలు అడిగితే ఏ రెండు టీములూ ఒకే పద్ధతిలో అనలైజ్ చేయలేదు, కొన్ని ప్రశ్నలకి జవాబులు కూడా బాగా వేరుగా వచ్చాయి.

అయినా ఫంక్షనల్ స్టడీలు నేర్పినవి లేకపోలేదు. భయపడిన ముఖమో సంతోషంగా ఉన్న ముఖమో చూపించినప్పుడు భావోద్వేగాలకి స్పందించే అమిగ్డలా అనే భాగం ఎక్కువ స్పందించడం, దాన్ని అదుపులో పెట్టే ముందుభాగం, ముఖ్యంగా పక్కగా కిందవైపు ఉండే ప్రాంతం, తక్కువ పనిచేయడం అనే ప్యాటర్న్ చాలా స్టడీల్లో వచ్చింది. గెలుపు, బహుమతి ఆశించేటప్పుడు మెదడు లోపలి స్ట్రయేటమ్ అనే భాగం ఎక్కువగా స్పందించడం కూడా కొన్ని స్టడీల్లో వచ్చింది, ఇది మామూలు డిప్రెషన్‌లో కనిపించే దానికి ఉల్టా, అందుకే డిప్రెషన్‌తో వచ్చిన కుర్రవాడికి రేపు మేనియా వస్తుందా రాదా అనే ప్రశ్నకి ఈ దారిలో ఏమైనా దొరుకుతుందేమో అని ఆశ. నాకైతే నమ్మకం ఉంది గానీ తొందర లేదు.

ఈ స్టడీలకి ఇంకో తలనొప్పి, బయటివాళ్ళకి తెలియనిది. మేనియాలో ఉన్న మనిషి స్కానర్‌లో కదలకుండా అరగంట పడుకోగలడా? కష్టం. కదిలితే బొమ్మ చెదురుతుంది, చెదిరితే సాఫ్ట్‌వేర్ కార్టెక్స్‌ని ఉన్నదానికంటే పల్చగా కొలుస్తుంది, ఇది విడిగా తేలిన విషయం. అంటే మీరు కొలుస్తున్నది జబ్బునా కదలికనా అనే ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. అందుకే ఎక్కువ స్టడీలు మూడ్ మామూలుగా ఉన్నప్పుడు, మందులు వాడుతున్నవాళ్ళ మీద చేసినవే, జబ్బు తీవ్రంగా ఉన్న సమయం గురించి మనకున్న డేటా చాలా తక్కువ.

మందులు అన్నా కాబట్టి లిథియం దగ్గర కాసేపు ఆగుతా, ఎందుకంటే మీ తమ్ముడు వాడేది అదే, పైగా ఈ ఫీల్డ్‌లో నాకు బాగా ఇష్టమైన చిక్కుముడి కూడా ఇదే. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ లిథియం మేనియాకి పనిచేస్తుందని రాశాడు. 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక చిన్న పేపర్, బైపోలార్ ఉన్న 10 మందికి నాలుగు వారాలు లిథియం ఇచ్చి ముందూ తర్వాతా స్కాన్ తీస్తే గ్రే మ్యాటర్ పెరిగినట్టు కనిపించింది. తర్వాత ఎన్నో స్టడీల్లో లిథియం వాడేవాళ్ళకి హిప్పోక్యాంపస్, కార్టెక్స్ కొలతలు వాడనివాళ్ళ కంటే మెరుగ్గా, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి దగ్గరగా వస్తున్నాయి, ఆ 6,503 మంది స్టడీలో కూడా లిథియం వాడేవాళ్ళలో కార్టెక్స్ కొలతలు వేరుగానే వచ్చాయి. మూర్ఛకి వాడే మందుల్ని మూడ్ స్టెబిలైజర్లుగా వాడేవాళ్ళలో, యాంటీసైకోటిక్స్ వాడేవాళ్ళలో కూడా కొలతలు మారుతున్నాయి.

ఇది విని లిథియం మెదడుని పెంచుతుంది అని సంబరపడేలోపు ఇంకో టీమ్ ఏ జబ్బూ లేని వాలంటీర్లకి కొద్దిరోజులు లిథియం ఇచ్చి చూసింది, వాళ్ళకీ ఒక రకం అనాలిసిస్‌లో గ్రే మ్యాటర్ 'పెరిగింది', ఇంకో రకం అనాలిసిస్‌లో పెరగలేదు. కారణం ఏమై ఉండొచ్చంటే లిథియం ఎమ్మారై సిగ్నల్‌నే, టీ1 అనే దాన్ని, కొద్దిగా మారుస్తుంది, దాంతో గ్రే ఎక్కడ ఆగి వైట్ ఎక్కడ మొదలైందో సాఫ్ట్‌వేర్ వేరేగా గీస్తుంది. అంటే పెరుగుదల కొంత నిజం కావచ్చు, కొంత బొమ్మ చేసిన మాయ కావచ్చు. జంతువుల మీద, కణాల మీద చేసిన పనిలో లిథియం కణాలని కాపాడే ప్రక్రియలని పెంచుతుందని ఆధారాలు ఉన్నాయి కాబట్టి నేను నిజం వైపే కాస్త మొగ్గుతా. కానీ తమ్ముడు లిథియం వేసుకోవాల్సింది స్కాన్‌లో బొమ్మ బాగుంటుందని కాదు, ఎపిసోడ్లు (మేనియా, డిప్రెషన్ విడతలు) తిరగబడకుండా ఆపుతుందని ట్రయల్స్‌లో తేలింది కాబట్టి. దానికి కావాల్సిన టెస్టులు కూడా మెదడుకి కాదు, రక్తానికి: లిథియం లెవెల్, కిడ్నీ పనితీరు, థైరాయిడ్, క్యాల్షియం. లెవెల్ చాలామందికి లీటరుకి 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ మధ్య పెట్టుకుంటారు, అవసరాన్ని బట్టి డాక్టర్ మారుస్తారు. స్కాన్ గురించి పడే ఆరాటంలో సగం ఈ రక్తపరీక్షల తారీకుల మీద పెడితే చాలు.

మెదడు కుంచించుకుపోతుందా అన్నది మీరు భయంతో అడిగారని తెలుస్తోంది. ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా చదవండి. ఒక్కసారి తీసిన స్కాన్లలో తేడా ఉంది అంటే అది ముందునుంచీ ఉందో, జబ్బుతో వచ్చిందో, మందులతో వచ్చిందో చెప్పలేం. జబ్బు ఎక్కువ ఏళ్ళున్నవాళ్ళకి పొర పల్చగా ఉంది అన్నా అది వేర్వేరు మనుషుల మధ్య పోలికే. అసలు తెలియాలంటే అదే మనిషిని కొన్నేళ్ళ తేడాతో రెండుసార్లు తీయాలి. ఎనిగ్మా గ్రూపు అదీ చేసింది, 2022లో వచ్చింది, బైపోలార్ ఉన్న 307 మంది, లేని 925 మంది. వెంట్రికల్స్ బైపోలార్ వాళ్ళకి కాస్త వేగంగా పెద్దవయ్యాయి, నిజమే. కానీ కార్టెక్స్ మొత్తం వేగంగా కరిగిపోవడం అనేది కనపడలేదు, ఒకటి రెండు చోట్ల అయితే పల్చబడటం మామూలు వాళ్ళకంటే నెమ్మదిగా ఉంది, అది చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. అదే స్టడీలో ఇంకో ముక్క: రెండు స్కాన్ల మధ్య కాలంలో మేనియా, హైపోమేనియా (తక్కువ తీవ్రత ఉన్న మేనియా) ఎపిసోడ్లు ఎక్కువ వచ్చినవాళ్ళకి ముందుభాగం కార్టెక్స్ వేగంగా పల్చబడింది.

దీన్నిబట్టి ఎపిసోడ్లే మెదడుని దెబ్బతీస్తాయి అని ఖరారుగా చెప్పలేం, ఉల్టాగా పల్చబడుతున్నవాళ్ళకే ఎపిసోడ్లు ఎక్కువ రావచ్చు, లేదా ఎపిసోడ్ వచ్చినవాళ్ళకి మందులు మారి ఉండొచ్చు. కానీ ఎపిసోడ్లు రాకుండా చూసుకోవడానికి ఇప్పటికే వంద కారణాలున్నాయి, ఇది నూట ఒకటోది అనుకోండి. బైపోలార్ అంటే మెదడు తప్పకుండా అరిగిపోయే జబ్బు అని మీరు చదివినది మాత్రం ఈ డేటాతో నిలబడదు.

తెల్ల మచ్చల సంగతి. రిపోర్టులో నాన్‌స్పెసిఫిక్ అనే మాట ఉందన్నారు, దానర్థం వీటిని చూసి ఏ ఒక్క జబ్బు పేరూ చెప్పలేం అని రేడియాలజిస్ట్ మర్యాదగా చెప్పడం. ఇవి వయసుతో వస్తాయి, బీపీ, షుగర్, పొగతాగడం, మైగ్రేన్ ఉన్నవాళ్ళకి వస్తాయి, ఏమీ లేనివాళ్ళకీ ఉంటాయి. బైపోలార్‌లో ఎమ్మారైతో మొట్టమొదట, 80ల చివర్లో, కనిపెట్టిన తేడాల్లో ఇదొకటి, పాత స్టడీలన్నీ కలిపి లెక్కేస్తే ఇవి ఉండే అవకాశం దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ వచ్చింది. అయినా బైపోలార్ ఉన్న చాలామందికి ఉండవు. కాబట్టి అవి జబ్బుకి రుజువూ కాదు, కొత్త ప్రమాదమూ కాదు. బీపీ చూపించుకోండి, సిగరెట్ ఉంటే మాన్పించే ప్రయత్నం చేయండి, మిగతాది న్యూరాలజిస్ట్ ఒకసారి చూసి పర్లేదంటే వదిలేయండి.

అయితే సైకియాట్రిస్ట్ ఎమ్మారై రాస్తే అనవసరం అనుకోకండి. వాళ్ళు వెతికేది బైపోలార్‌ని కాదు, బైపోలార్‌లా నటించే వేరేదాన్ని. 50 దాటాక జీవితంలో మొదటిసారి మేనియా వస్తే, ఫిట్స్ ఉంటే, తలకి దెబ్బ తగిలాక మొదలైతే, ఒకవైపు బలహీనత, మాట తడబాటు, అయోమయం ఉంటే తప్పకుండా చూడాలి. మెదడు కుడివైపు దెబ్బతిన్నప్పుడు మేనియా లాంటిది రావడం, ట్యూమర్, మల్టిపుల్ స్క్లెరోసిస్, ముందుభాగం డిమెన్షియా, 2007 నుంచి తెలిసిన ఎన్ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే మెదడు మీద దాడి చేసే జబ్బు) ఇవన్నీ ఆ లిస్టులో ఉంటాయి, ఈ చివరిదానికి స్కాన్ మామూలుగా ఉన్నా వెన్ను నీరు టెస్ట్ చేయాల్సి రావచ్చు. స్టెరాయిడ్స్ వల్ల, థైరాయిడ్ వల్ల కూడా మేనియా వస్తుంది, అవి స్కాన్‌లో దొరకవు. 26 ఏళ్ళ కుర్రాడికి, ముందు డిప్రెషన్ ఉండి, న్యూరో లక్షణాలేమీ లేకుండా మేనియా వస్తే ఎమ్మారై మామూలుగా ఉండటమే ఎక్కువగా చూస్తాం, ఆ 'నార్మల్' అన్న మాటకి జబ్బు లేదని అర్థం కాదు.

రంగుల స్కాన్ యాడ్ గురించి పేర్లు చెప్పను. అవి ఎక్కువగా స్పెక్ట్ స్కాన్లు, శరీరంలోకి కొద్దిగా రేడియోధార్మిక పదార్థం ఎక్కించి రక్తప్రసరణ చూస్తారు. పద్ధతి నిజమైనదే, కొన్ని న్యూరాలజీ సమస్యలకి వాడతారు, కానీ బైపోలార్‌ని పట్టేస్తుందనడానికి మంచి ఆధారం లేదు. ఎమ్మారైలో రేడియేషన్ ఉండదు, దీంట్లో ఉంటుంది. అవసరం లేకుండా ఎందుకు. వాళ్ళని ఒక్కటి అడగండి: పేషెంట్ చరిత్ర ఏమీ చెప్పకుండా స్కాన్ మాత్రమే ఇస్తే ఎన్నిసార్లు కరెక్ట్‌గా చెప్పారు, ఆ లెక్క బయటివాళ్ళు ఎవరు సరిచూశారు అని. ముందు రెండు గంటలు చరిత్రంతా అడిగి, తర్వాత స్కాన్ చూపించి ఇదిగో మీ బైపోలార్ అంటే చెప్పింది చరిత్రే.

మీరు మధ్యలో నేనూ తీయించుకోవాలా అని ఒక లైన్ వదిలారు. వద్దు. తోబుట్టువుకి ఉంటే మీకు వచ్చే అవకాశం మామూలు జనం కంటే ఎక్కువే, అయినా అలాంటి తోబుట్టువుల్లో నూటికి తొంభై మందికి పైగా రాదు. బంధువుల మెదళ్ళ మీద కూడా పెద్ద స్టడీ జరిగింది, బైపోలార్ ఉన్నవాళ్ళ దగ్గరి రక్తసంబంధీకులకి తల లోపలి పరిమాణం మామూలు వాళ్ళకంటే సగటున చిన్నది కాదు సరికదా కాస్త పెద్దగా వచ్చింది, స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ళ బంధువుల్లో అలా రాలేదు. పరిశోధనకి భలే ఆసక్తికరం, మీకు మాత్రం దానివల్ల చేయాల్సింది ఏమీ లేదు. నిద్ర వరుసగా తగ్గిపోయి ఉత్సాహం పెరిగిపోతే గుర్తుపట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళడం అనేది మీకు పనికొచ్చే స్క్రీనింగ్.

ఇక స్టడీలో చేరాలా వద్దా. నేను ఆ పనిలోనే ఉన్నాను కాబట్టి చేరమనే చెప్తా, ఆ మాట ఎవరు చెప్తున్నారో గుర్తుపెట్టుకునే వినండి. దానివల్ల తమ్ముడికి నేరుగా లాభం ఉండదు, డయాగ్నసిస్ ఖరారు కాదు, ట్రీట్‌మెంట్ మారదు, ఆ ఆశతో మాత్రం పంపకండి. ముందు కొన్ని విషయాలు తేల్చుకోండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, కన్సెంట్ ఫారం మీ తమ్ముడే చదివి, మూడ్ స్థిమితంగా ఉన్నప్పుడే సంతకం పెడుతున్నాడా, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చా, అనుకోకుండా స్కాన్‌లో ఏదైనా కనిపిస్తే ఎవరు ఎవరికి చెప్తారు, డేటా పేరు లేకుండా దాస్తారా, బయటి టీములతో పంచుకుంటారా. స్టడీ కోసం లిథియం గానీ ఇంకేదైనా గానీ కొన్నాళ్ళు ఆపమంటే అది వేరే స్థాయి విషయం, అతని సొంత సైకియాట్రిస్ట్ సరే అనకుండా ఒప్పుకోకండి. మామూలుగా స్కాన్ స్టడీల్లో వాడే మందులు వాడుతూనే తీస్తారు, ఏ మందు ఎంత కాలంగా అన్నది రాసుకుంటారు అంతే. శరీరంలో పేస్‌మేకర్, క్లిప్, ప్లేట్ లాంటి లోహం ఏదైనా ఉంటే ముందే చెప్పాలి, స్కానర్ లోపల శబ్దం బాగా ఎక్కువ, ఇరుకు, భయం వేస్తే నొక్కడానికి చేతిలో బెల్ ఇస్తారు. మళ్ళీ రెండు మూడేళ్ళకి రెండో స్కాన్‌కి పిలిచే స్టడీ అయితే ఇంకా మంచిది, మా దగ్గర లోటు అలాంటి డేటాకే.

ఇప్పుడు తీసిన ఎమ్మారై ఫైళ్ళు, రిపోర్టు కాగితం మాత్రమే కాదు బొమ్మలతో సహా, కాపీ తీసి జాగ్రత్త పెట్టుకోండి. ఎప్పుడైనా న్యూరాలజిస్ట్‌కి నిజంగా అనుమానం వచ్చి ఇంకో స్కాన్ తీయిస్తే పక్కన పెట్టి పోల్చడానికి పాతది ఉండటం చాలా ఉపయోగం. లిథియం లెవెల్ చివరిగా ఎప్పుడు చూశారో మీరు పోస్టులో రాయలేదు, అదొకటి కనుక్కోండి.